గడ్డ అనకూడని ఇంట్లో

మట్టి ముట్టుకోవద్దట. వంటింటి కిటికీలోంచి వదిన ఇప్పటికి ఎన్నిసార్లు అరిచిందో. అరవనీ, ఆవిడ నోరు ఆవిడిష్టం, నా చేతులు నా ఇష్టం. సాయంత్రం ఆసుపత్రిలో చేరాల్సిన మనిషి గోళ్ళ నిండా మట్టి చేసుకుంటుందా ఎవరైనా అని ఆవిడ బాధ. చేసుకుంటుంది. ఇదిగో, చేసుకుంటోంది. కారు వచ్చేలోపు నాకొక గంట ఉంది, బట్టలుతికే రాయికీ ప్రహరీగోడకీ మధ్య ఒక మంచం పట్టేంత నేల ఉంది, ఈ గంపలో రంపపు పొట్టు కప్పుకుని లిల్లీ గడ్డలున్నాయి. గడ్డలు. గడ్డలు గడ్డలు గడ్డలు. ఎంత హాయిగా ఉందో ఆ మాట అంటుంటే! నా ఎడమ రొమ్ములో గడ్డ తగిలిన రోజు నుంచి ఈ ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రావడం లేదు. ఉల్లిగడ్డ ఒట్టి ఉల్లి అయిపోయింది. ఫ్రిజ్‌లో నీళ్ళు గడ్డకట్టాయని చెప్పాల్సొచ్చి వదిన కాసేపు తడుముకుని “నీళ్ళు రాయైపోయాయి” అంది. ఉన్న ఊళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, పిల్లలకి వ్యాకరణం చెప్పిన మనిషి, నీళ్ళు రాయైపోయాయట. ఇక ఆవిడ తమ్ముడు, అంటే మా ఆయన, పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు కాస్తా ఇప్పుడు ముఖం గీసుకుంటున్నాడు. పెరటి మూలన ఉండే గడ్డపారని అటకెక్కించేశారు, ఎప్పుడైనా దాని పేరెత్తాల్సి వస్తుందేమోనని. అందుకే పాత ఇనప గరిటెతో తవ్వుతున్నాను. మట్టి బాగానే లేస్తోంది, నిన్నటి వాన పుణ్యమా అని.

అసలీ గడ్డలు ఇల్లు చేరడమే ఒక పెద్ద తతంగం. మొన్న మా ఆయన్ని మొక్కలాయనకి ఫోన్ చేసి లిల్లీ గడ్డలు పంపమని చెప్పమన్నాను. నేను పక్కనే కుట్టు మిషను మీద కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు కుడుతున్నాను. ఈయన ఫోను చెవిన పెట్టుకుని, నా వంక దొంగచూపు చూసి, “లిల్లీవి కావాలండీ... అవే, కింద ఉంటాయి చూడండి... గుండ్రంగా... ఉండలు, ఆఁ, ఉండలు” అని నీళ్ళు నమిలాడు. మర్నాటికల్లా గుమ్మంలో బస్తాడు ఎరువు ఉండలు. లిల్లీలకి వేసే ఉండలంటే అవే కాబోలనుకున్నాడు పాపం ఆ మొక్కలాయన. గడ్డల్లేకుండా ఎరువు పోసి ఏం మొలిపించమంటారు, మీ మీసాలా అని మా ఆయన్ని దులిపేసి, ఫోను లాక్కుని మొక్కలాయనతో వీధి చివరిదాకా వినపడేలా “గడ్డలండీ! లిల్లీ గడ్డలు!” అన్నాను. “అలా చెప్పాలి కదమ్మా, ఇంతకుముందు ఎవరో ఉండలన్నారు” అన్నాడాయన. సరిగ్గా అప్పుడే వంటింట్లో వదిన చేతిలోంచి గిన్నె జారి కిందపడింది. ఆ గిన్నె చప్పుడుకే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. నాతో చెప్పింది కొవ్వు గడ్డ అని. చిన్నది, తీసేస్తే సరి, ఒక్క రాత్రి ఉండి వచ్చేయొచ్చు అని. కొవ్వు గడ్డకి గిన్నెలు జారిపోతాయా ఎక్కడైనా?

గడ్డలు ఇవాళ పొద్దున వచ్చాయి. ఒక్కోదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. ఉల్లికి ఉన్నట్టు పైన పొర ఉండదు వీటికి, ఒట్టి రెక్కలే, వెల్లుల్లి రెబ్బలు ఒకదాన్నొకటి వాటేసుకున్నట్టు, తెల్లగా, బరువుగా, చల్లగా. పొర లేదు గనక ఇవి ఎండకి ఆగవు, ఎక్కువ రోజులు బయట ఉంచితే వడిలిపోతాయి, వచ్చిన రోజే భూమిలో పెట్టేయాలని మొక్కలాయన మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక పెట్టుకోవచ్చుగా అంటుంది వదిన. వచ్చాక ఎడమ చెయ్యి ఎత్తనిస్తారా? నాకు తెలుసు, నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే లెక్కల టీచరు తన ఆపరేషను అయ్యాక చెప్పింది, చెయ్యి భుజం దాకా లేవడానికి ఎన్నాళ్ళు పట్టిందో. ఇవాళైతే ఇవాళే. జానెడు లోతు తవ్వాలి, అడుగున ఇసక పోయాలి, నీళ్ళు నిలబడితే వీటి పని సరి. వేళ్ళు కిందికి, కొస పైకి. ఆ కొసని కూడా నిటారుగా కాదు, ఒక పక్కకి ఒరిగేలా పెడితే మంచిదట, రెక్కల సందుల్లో నీరు చేరకుండా. ఒరిగి పడుకో తల్లీ, అలాగే, నువ్వైనా కాసేపు పడుకో. నన్ను పొద్దుట్నుంచీ పడుకోమంటున్నారు, పడుకుంటే కప్పు కనపడుతుంది, కప్పు కనపడితే ఆలోచనలు వస్తాయి, కూర్చుని తవ్వుకుంటుంటే ఇంత మట్టి కనపడుతుంది.

ముప్పై ఏళ్ళుగా ముందుగదిలో ఆడవాళ్ళకి జాకెట్లు, గౌన్లు కుడుతున్నాను. టేపు మెడలో వేసుకునే పుట్టానేమో అని నవ్వుతారు మా వీధిలో. ఇన్నేళ్ళలో రెండు వైపులూ ఒకే కొలత ఉన్న ఆడమనిషి నా టేపుకి తగల్లేదు. ఒకరికి కుడి, ఒకరికి ఎడమ, ఎంతో కొంత తేడా ఉంటుంది, ఆ తేడాని ఒక మడతలో దాచి పంపేదాన్నే నేను, ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పకుండా. నాకు ఎడమవైపు ఒక పిసరు ఎక్కువ. నా కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎడమవైపే తాగేది, కుడివైపు పెడితే తల తిప్పేసుకుని ఇల్లెగిరిపోయేలా ఏడిచేది, ఇప్పుడేమో వేరే ఊళ్ళో బ్యాంకులో కూర్చుని జనాన్ని బుద్ధిగా వరసలో నిలబెడుతోంది. దానికీ ఏం చెప్పి ఉండరు, కంగారు పడుతుందని. ఆ గడ్డ దొరికింది కూడా కుట్టుపనిలోనే. నా కోసం నేను జాకెట్టు కుట్టుకుని చాలా రోజులైంది, ముదురాకుపచ్చ గుడ్డ కొనుక్కుని, అద్దం ముందు వేసుకుని చంక కింద గుండుసూది గుచ్చుకుంటుంటే వేలికి తగిలింది. బఠాణీ గింజంత. నొప్పి లేదు. నొక్కితే జారింది. గుడ్డలో ముడి పడిందేమో అనుకుని జాకెట్టు విప్పి చూశాను, ముడి గుడ్డలో లేదు. ఆ జాకెట్టు ఇంకా అలాగే ఉంది, ఒక వైపు గుండుసూదులతో.

ఇవాళ పొద్దున మా ఆయన స్నానాల గదిలో ఉండగా ఆయన ఫోను మోగింది. ఎత్తాను. ఆసుపత్రి నుంచి నర్సు. “పేషెంట్ తాలూకు ఎవరండీ మాట్లాడేది?” అంది. నా నోటికి ఆ క్షణం ఏం బుద్ధి పుట్టిందో, “వాళ్ళక్కని” అన్నాను. నాకు అక్కే లేదు. “సాయంత్రం అడ్మిషనండీ, రేపు పొద్దున ఆపరేషను. ఎడమవైపు మొత్తం తీసేయడమే కదా, ఒకసారి అడిగి రాసుకుందామని” అంది. మొత్తమా అన్నాను. “అదేనండీ, క్యాన్సరు చిన్నదిగానే ఉంది కాబట్టి గడ్డ వరకూ తీసి తర్వాత కరెంటు పెట్టొచ్చు, లేదంటే మొత్తం తీసేయొచ్చు, ఈవిడ విషయంలో ఏదైనా ఒకటేనని పెద్ద డాక్టరుగారు చెప్పారు కదా. వాళ్ళాయన మొత్తం తీసేయమన్నారు.” కరెంటంటే ఏంటమ్మా అని మాత్రం అడిగాను, అడిగింది నేనేనా అనిపించింది, అంత మామూలుగా వచ్చింది గొంతు. “కిరణాలండీ. ఎక్స్‌రే తీయించుకున్నట్టే, కదలకుండా పడుకోవడమే. కొన్ని వారాలు రోజూ రావాలి, నీరసంగా ఉంటుంది, చర్మం కాస్త కమిలినట్టవుతుంది.” ఆవిడకి తెలుసా మరి అన్నాను, ఆవిడెవరో అయినట్టు. “తెలీదట కదండీ. మీరు కూడా చెప్పకండి, భయపడతారు” అంది ఆ పిల్ల, ఎంతో దయగా.

భయపడ్డాను, ఎందుకు పడను. ఫోను పెట్టేసి మిషను దగ్గర కూర్చుంటే కాళ్ళ కింద పెడలు దానంతటదే టకటకమంది. చచ్చిపోతానా అనుకున్నాను. ఆకుపచ్చ జాకెట్టు ఎవరు విప్పి పారేస్తారు అనుకున్నాను. అయితే భయం ఒక చెంప మీద కొడుతుంటే కోపం రెండో చెంప మీద కొట్టింది. చెవిలో పువ్వులు పెట్టారు నాకు. నన్ను ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, చేతికి పళ్ళరసం డబ్బా ఇచ్చి, అక్కాతమ్ముడూ లోపలికెళ్ళి నా ఒంటిని గురించి మాట్లాడి వచ్చారు. బయటికొచ్చి నవ్వారు కూడా, ఏం లేదులే, కొవ్వు అని. వదిన నా తల నిమిరింది. చిన్నపిల్ల తప్పిపోతుందేమో అన్నట్టు ఆయన కారు దాకా నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆ పళ్ళరసం ఎంత తియ్యగా ఉందో, ఇంకొకటి కొనిపెట్టమని అడిగాను కూడా. తల్చుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

నిన్న విన్న మాట ఒకటుంది, అది ఇవాళ అర్థమైంది. వంటింట్లో వదిన ఆయనతో, “ఈ వయసులో అది ఉంటే ఎంత, పోతే ఎంతరా” అంటోంది. నేను నా కుట్టు మిషను గురించి అనుకున్నాను! పాతదైపోయింది, చప్పుడు చేస్తోంది, అమ్మేయమని ఈవిడెప్పుడూ సణుగుతుంటుంది కదా, మళ్ళీ దాని మీద పడ్డారనుకుని ఒంటికాలి మీద లేచాను, నా మిషను జోలికొస్తే ఊరుకోనని. ఇద్దరూ నన్ను చూసి దెయ్యాన్ని చూసినట్టు బిగుసుకుపోయారు. రాత్రి అన్నం కూడా తినలేదు నేను, మిషను మీద అలక. ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఉంటే ఎంత, పోతే ఎంత. యాభై మూడేళ్ళ ఆడదాని రొమ్ము ఎవరికి కావాలి అని కదా వదినా మీ లెక్క? మొగుడికి అక్కర్లేదు, పిల్లకి అక్కర్లేదు. నాకో? నన్నెవరైనా అడిగారా? స్నానం చేసేటప్పుడు దాన్ని నేను చూసుకుంటాను, పక్కకి తిరిగి పడుకుంటే దాని బరువు నాకే తెలుస్తుంది, ఎండాకాలంలో దాని కింద చెమటపొక్కులొస్తే పౌడరు రాసుకునేది నేను. ఇన్నాళ్ళూ ఉంది, ఎవరికీ ఏ ఉపకారం చేయకుండా ఊరికే నాతో ఉంది. అంత మాత్రం చాలదా ఉండటానికి?

లెక్కల టీచరు మొత్తం తీయించుకుంది. తీయించుకున్నాక నా దగ్గరికొచ్చి తలుపు వేసి, జాకెట్టు విప్పి, “చూడండి, ఇప్పుడు కొలవండి” అంది. నా చెయ్యి ఆగిపోయింది, ఆవిడే నా టేపు తీసుకుని తన ఛాతీ మీద పెట్టింది. “రెండు దార్లు చెప్పారు. రోజూ ఆసుపత్రి చుట్టూ తిరగడం నా వల్ల కాదు, తీసి పారేయండన్నాను. నాకేం బాధ లేదు, మీరు ముఖం అలా పెట్టకండి” అంది. మెత్తటి గుడ్డలో దూది కూరి, అటువైపు లోపల జేబు కుట్టి ఇచ్చాను, అద్దంలో చూసుకుని బళ్ళో పిల్లలెవరూ కనిపెట్టలేరని పకపకా నవ్వింది. ఆవిడ చేసింది నాకు తప్పుగా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. ఆవిణ్ణి అడిగారు, ఆవిడ చెప్పింది. నా బదులు మా ఆయన చెప్పాడు. ఇరవై తొమ్మిదేళ్ళు కరెంటు స్తంభాలెక్కిన మనిషి, ఏ తీగ ఎవరింటికి వెళ్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు, పెళ్ళాన్ని ఒక్క మాట అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఇదొకటి చెడిపోయింది. ఒక రెక్క మీద బూజు, వేలు పెడితే మెత్తగా దిగింది. ఆ రెక్కనీ, దాని పక్కదాన్నీ విరిచేసి అవతల పారేశాను. మిగతాది గట్టిగా ఉంది, పెట్టేస్తే సరి. కిటికీలోంచి వదిన చూస్తూనే ఉంది కాబోలు, “చూశావా అమ్మాయ్, పాడైంది తీసేస్తే చక్కగా పూస్తుంది, నువ్వు కూడా అంతే” అంది ముక్కు చీదుతూ. అబ్బ, ఎక్కడిదమ్మా ఈ గొడవ! నేను దుంపనా? దీన్ని విరిస్తే ఇది కుయ్యిమనలేదు, రేపు నన్ను కోస్తే నేను మూలుగుతాను. ఇది లిల్లీ, నేను మనిషిని, నేను పూయను, నొప్పికి తిడతాను, అందర్నీ తిడతాను. అయినా ఆవిడ ఏడుస్తోందని తెలిసి తిరిగి చూడలేదు. ఆవిడ మంచిదే. రాత్రుళ్ళు వచ్చి నా దుప్పటి సర్దుతుంది. ఆవిడ దుప్పటి సర్దినంత ప్రేమగానే నా రొమ్ము తీయించేయాలని తేల్చేసింది, అక్కడే వస్తోంది చిక్కంతా.

గోతిలో ఇసక పోస్తుంటే మా ఆయన పెరట్లోకి వచ్చాడు. చేతిలో సంచీ, రెండు తువ్వాళ్ళు. “ఏది పెట్టనే, నీలందా, చారలదా?” అన్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి, ముఖం గీసుకుంటూ ఎక్కడో కోసుకున్నాడు, చిన్న కాగితం ముక్క అంటించుకున్నాడు దవడ మీద. పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు.

“నాకు క్యాన్సరట కదా,” అన్నాను, మట్టి చూస్తూ.

తువ్వాళ్ళు రెండూ కిందపడ్డాయి. ఎవరు చెప్పారనలేదు, అబద్ధమనలేదు. బట్టలుతికే రాయి మీద కూలబడ్డాడు. “చిన్నదేనట,” అన్నాడు.

“చిన్నదైతే మొత్తం ఎందుకు తీయమన్నారు? రెండూ ఒకటేనన్నాడట డాక్టరు. ఉంటే ఎంత పోతే ఎంత అనా?”

“ఛ, అది అక్క మాటే. నేనలా అనుకుంటానా?” తలెత్తాడు. “కరెంటు పెడతారటే. రెండోదైతే కరెంటు పెట్టాలన్నారు. రోజూనట. వారాల తరబడి. నువ్వు తట్టుకోలేవే. కరెంటంటే ఏంటో వాళ్ళకేం తెలుసు, నాకు తెలుసు. స్తంభం మీద నా పక్కనున్నవాడికి కొట్టింది, ఒక్కసారి, ఒకే ఒక్కసారి. నేనే దింపాను వాణ్ణి. నీకు రోజూ పెడతారట...” అంటూ తన రెండు అరచేతులూ చూసుకున్నాడు, అక్కడింకా ఆ మనిషి బరువు ఉన్నట్టు. “తీసేయండి, మా ఆవిడకి మాత్రం కరెంటు పెట్టొద్దన్నాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.”

నేను ఇస్త్రీ చేసేటప్పుడు షాకు కొట్టకూడదని నా కాళ్ళ కింద చెక్క వేసే మనిషి ఈయన, తడి చేత్తో స్విచ్చు ముట్టుకుంటే అరిచి గోల చేసే మనిషి. మొదట నవ్వు వచ్చింది, పొట్ట పట్టుకునేంత నవ్వు, నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది, మట్టి చేత్తో ముక్కు తుడుచుకున్నాను. ఓరి దేవుడా, ఇందుకా! ఒక్క మాట అడిగి ఉంటే, ఆ డాక్టర్ని గానీ, ఆ నర్సుని గానీ, చివరికి నన్ను గానీ! “అది తీగల కరెంటు కాదండీ,” అన్నాను. “కిరణాలట. ఎక్స్‌రే తీసినట్టు. ఊరికే అందరూ అనే మాట అది, కరెంటు పెట్టడమని. షాకు కొట్టదు. నర్సు చెప్పింది నాకు.”

“కొట్టదా?” అన్నాడు. “నిజంగా కొట్టదా?” అని ఇంకోసారి అడిగాడు. కొట్టదన్నాను. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. జాలేసింది, వేయకేం, ఈ మనిషి నేను చచ్చిపోతానని వణికిపోయాడు. జాలి పక్కనే కోపం కూడా అలాగే ఉంది, ఒక్క ఇంచీ కూడా జరగలేదు. భయపడి అయినా, ప్రేమతో అయినా, నా బదులు మీరు చెప్పారు. ఆ డాక్టరు గదిలో ఒక కుర్చీ నాది, అందులో నేను కూర్చోలేదు.

చివరి గడ్డని ఒరగబెట్టి మట్టి కప్పాను, గట్టిగా అదమకుండా. వీధిలో కారు హారను మోగింది. ఆయన కళ్ళు తుడుచుకుని లేచాడు, తువ్వాళ్ళు దులిపి సంచీలో కుక్కాడు, నా ముందుకొచ్చి నిలబడి, “అయితే ఇప్పుడేం చేద్దామే?” అన్నాడు.

చేద్దాం. పెళ్ళైన రోజు నుంచీ మా ఇంట్లో నడిచే మాట అది. ఇల్లు మారుద్దాం అంటే ఆయన మారుద్దామనుకున్నాడని అర్థం, అమ్మాయిని ఫలానా బళ్ళో వేద్దాం అంటే వేసి వచ్చాడని అర్థం. నేనూ ఆ చేద్దాంలో ఉన్నాననుకునే తలూపాను ఇన్నాళ్ళూ. ఇవాళ ఊపదల్చుకోలేదు.

“చేద్దాం కాదండీ,” అన్నాను, మోకాళ్ళు దులుపుకుని లేస్తూ. “గడ్డ నేను తీయించుకుంటాను. ఆ కిరణాలు నేను పెట్టించుకుంటాను. నా రొమ్ము నేను ఉంచుకుంటాను. ఇంకేదైనా తేడా కనబడితే డాక్టరు నాతోనే చెప్పాలి, నన్నే అడగాలి. మీరు నా పక్కన కూర్చుంటానంటే కూర్చోండి, నోరు మాత్రం నాది.”

కిటికీ ఊచల వెనక వదిన గాజులు గలగలమన్నాయి. “అమ్మాయ్, ఏంటా మాటలు పెరట్లో, రొమ్ము అంటూ! నెమ్మదిగా, గోడవతల పక్కింటివాళ్ళున్నారు, వింటారు!”

వింటే విననీ అని గోడవైపు తిరిగి, మళ్ళీ మొదటి నుంచీ, ఒక్క మాట పోకుండా, ఇంకా గట్టిగా చెప్పాను.